పెద్ద చెరువు మీదుగా 18 ఎంబీపీఎస్

మావయ్య అడిగింది ఒక్కటే. తెల్లవారుజామున మూడింటికి మంచం దిగకుండానే రొయ్యల చెరువులో ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే చక్రాలు, తిరుగుతున్నాయో లేదో ఫోనులో కనపడాలి.

వెనామీ రొయ్య వేసినవాళ్ళకు ఆ టైము సంగతి చెప్పక్కర్లేదు. రాత్రంతా చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లారే ముందు మరీ తక్కువైపోతుంది. అప్పుడు కరెంటు పోయి, జనరేటరు వేయాల్సిన కుర్రాడు నిద్రపోతే, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. మావయ్యకు అలా ఒకసారి జరిగింది. అప్పటి నుంచీ రాత్రి రెండుసార్లు బండేసుకుని గట్ల మీదికి వెళ్ళొచ్చేవాడు. వయసు అరవై దాటింది, గట్టు మీద దారి వానాకాలంలో జారుడుబల్ల.

నేను భీమవరంలో సీసీ కెమెరాలు, నెట్ కేబులు పనులు చేస్తాను. మావయ్య చెరువులు ఉండికీ ఆకివీడుకీ మధ్య. ఇంటి దగ్గర ఫైబర్ నెట్ ఉంది. చెరువుల దగ్గర ఏమీ లేదు, సిమ్ పెడితే సిగ్నలు ఒక గట్టు మీద వస్తుంది, ఇంకో గట్టు మీద రాదు. గట్ల వెంట కేబులు పాతుదామంటే ప్రతి పంటకీ పొక్లెయిన్ వచ్చి గట్లు సరిచేస్తుంది. అలా తెగిన కేబుళ్ళు నేను చాలా చూశాను.

అంతకుముందే ఎవరో రెండు పాత వైఫై రేడియోలు పెట్టి వెళ్ళారు. అవి ఎంత చేసినా 54 ఎంబీపీఎస్ దాటేవి కావు. విప్పి చూస్తే సెక్యూరిటీ దగ్గర టీకేఐపీ అనే పాత రకం తాళం పెట్టి ఉంది. 2009లో వచ్చిన 802.11ఎన్ అనే వైఫై స్టాండర్డులోని వేగాలు, అంటే మనం సెట్టింగుల్లో హెచ్‌టీ అని చూసే హై త్రూపుట్ వేగాలు, టీకేఐపీ మీద గానీ అంతకన్నా పాత తాళం వెప్ మీద గానీ నడవవు. ఏఈఎస్ అనే కొత్త తాళం ఉండాలి, డబ్ల్యూఎంఎం అనే ట్రాఫిక్ వరసల సెట్టింగు ఆన్‌లో ఉండాలి. లేకపోతే రేడియో కిక్కురుమనకుండా అంతకుముందు తరమైన 802.11జీ వేగానికి దిగిపోతుంది. ఎర్రలైటు వెలగదు, మెసేజ్ రాదు. ఆ సెట్టింగు మార్చగానే దగ్గరి లింకు రెండింతలైంది. అది చూసి నాకు కొంచెం గర్వం వచ్చిన మాట నిజం. ఇంతేగా, రెండు రోజుల్లో అయిపోతుంది అని మావయ్యకు మాటిచ్చేశాను. మూడు నెలలు పట్టింది.

పాతవి తీసేసి, ఆరు బయట పెట్టే రేడియోలు సెకండ్ హ్యాండులో తెచ్చాను. ఎన్ రకం, రెండేసి ఏంటెన్నాలవి. ఇప్పుడు దాని తర్వాతి తరాలు ఏసీ, ఏఎక్స్ ఉండగా ఇవెందుకు అని అడగొచ్చు. ధర ఒక కారణం, వాటిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటరు సాఫ్ట్‌వేర్ పడుతుంది అన్నది రెండోది. 14 కెమెరాలు, ఒక్కోటీ హెచ్.265 అనే వీడియో కుదింపులో రెండు ఎంబీపీఎస్ చొప్పున పెడితే మొత్తం 28. దానికి ఎన్ చాలు అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో తప్పు లేదు, కానీ అది సగం లెక్క.

ఆరు నోడ్లు, అంటే రేడియో పెట్టిన చోట్లు, ఇలా నిలబెట్టాను. ఒకటో నోడు మావయ్య డాబా మీద. రెండోది మొదటి చెరువు గట్టు మీద. మూడోది జనరేటరు షెడ్డు పక్కన 12 మీటర్ల ఇనప స్తంభం. అక్కడి నుంచి 900 మీటర్ల అవతల, పన్నెండెకరాల పెద్ద చెరువు మధ్యలో ఉండగా, నాలుగోది. ఐదూ ఆరూ నాలుగోదానికి చెరో పక్క, మూడేసి వందల మీటర్ల దూరంలో. మెష్ అంటే ఒక నోడు మాట ఇంకో నోడు అందుకుని ముందుకు పంపడం, గోదారి వంతెన దగ్గర ఇసక తట్టలు చేతులు మార్చుకున్నట్టు. 802.11ఎస్ అని దీనికి 2011లోనే స్టాండర్డు వచ్చింది.

2.4 గిగాహెర్ట్జ్ వద్దనుకున్నాను. 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే ఆ బ్యాండులో దాదాపు సగం ఒక్కడే తినేస్తాడు, ఊళ్ళో ప్రతి ఇంటి రౌటరూ అందులోనే ఉంది. 5 గిగాహెర్ట్జ్ మన దేశంలో 2018 అక్టోబరు నోటిఫికేషన్ తర్వాత బాగా తెరుచుకుంది, 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేదు. అందులో మధ్య ఛానళ్ళలో రాడారు ఉందేమో అని రేడియో ముందు ఒక నిమిషం చెవి పెట్టి వినాలి, మధ్యలో రాడారు లాంటిది వినిపిస్తే ఛానలు ఖాళీ చేయాలి. ఆరు స్తంభాల మెష్ ఒక్కసారిగా ఛానలు మారడం అంటే పెళ్ళివారంతా ఒకే బస్సు ఎక్కడం లాంటిది, ఎవరో ఒకరు దిగిపోతారు. అందుకని పైనున్న 149వ ఛానలుకి వెళ్ళాను. మచిలీపట్నం వాతావరణ రాడారు అడ్డొస్తుందేమో అని మా షాపు కుర్రాడు భయపెట్టాడు గానీ అది ఎస్ బ్యాండు, 5 గిగాహెర్ట్జ్‌కీ దానికీ సంబంధం లేదు.

మొదటి తప్పు అక్కడే చేశాను. నోడ్లన్నీ షాపులో 36వ ఛానల్లో పెట్టి బిగించేశాను. తర్వాత 149కి మారుద్దామని డాబా మీద కూర్చుని ఒకటో నోడు సెట్టింగు ముందు మార్చాను. అది 149కి పోయింది. మిగతా ఐదూ 36లో ఉండిపోయాయి, ఇక నా మాట వాటికి వినిపించదు. మారిస్తే చివరి నోడు నుంచి మొదలుపెట్టి ఇంటికేసి రావాలి, దగ్గరది ఆఖరున. ఇది తెలియని విషయం కాదు. తెలిసీ చేశాను. ఒకటోదాన్ని మళ్ళీ 36కి తెచ్చేసి ఉంటే సరిపోయేది, కానీ కంగారులో లాప్‌టాప్ పట్టుకుని గట్లెక్కాను. అది భోగి ముందు రోజు. నిచ్చెన పట్టుకోవడానికి ఒక్కడు దొరకలేదు, కుర్రాళ్ళంతా బరుల దగ్గర. కాపలా అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. "సార్, నేనూ ఓ గంట ఎల్లొస్తానండి, పందెం మా బావదండి" అన్నాడు. వద్దంటే వింటాడా.

మూడో నోడు దగ్గర ఇంకోటి. 40 మెగాహెర్ట్జ్ అంటే రెండు 20 ఛానళ్ళు పక్కపక్కన కలపడం. 149కి జోడీ పైనున్న 153. సెట్టింగులో ప్లస్ అని ఇవ్వాలి. నేను మైనస్ ఇచ్చాను. 149కి కింద జోడీ లేదు, రేడియో అసలు లేవలేదు. స్తంభం ఎక్కి తీగ దింపి లాప్‌టాప్‌కు తగిలించి చూస్తే గానీ తెలియలేదు. ప్లస్ గుర్తు కోసం 12 మీటర్లు ఎక్కడం అంటే ఇదే.

పండగ అయ్యాక అన్నీ లేచాయి. వెడల్పు 40, గార్డ్ ఇంటర్వెల్ (అక్షరానికీ అక్షరానికీ మధ్య వదిలే ఖాళీ) చిన్నది, రెండు స్ట్రీములు (ఒకేసారి పోయే రెండు ధారలు), ఎంసీఎస్ (వేగాల మెట్లు) 15 దాకా ఓపెన్. తెరమీద ఒకటికీ రెండుకీ మధ్య 300 అని పడింది. మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "మూడొందలా! మనింట్లో నెట్టే వంద కదరా అల్లుడూ" అన్నాడు. ఆ 300 గాల్లో బిట్ల వేగమే గానీ చేతికి వచ్చేది కాదు. ఒకటికీ రెండుకీ మధ్య ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే టూలు పెడితే 140 దాకా వచ్చింది, అది మంచి అంకే. నాలుగో నోడు నుంచి డాబాకు పెడితే మాత్రం నాలుగు. ఒక్కోసారి మూడు.

ఇక్కడే ఆ సగం లెక్క బయటపడింది. మెష్‌లో అందరిదీ ఒకే ఛానలు. ఒకడు మాట్లాడుతుంటే వినబడే దూరంలో ఉన్న మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. నాలుగో నోడు నుంచి ఇంటికి మూడు గెంతులు, అంటే ప్రతి బిట్టూ గాల్లో మూడుసార్లు ప్రయాణిస్తుంది. కెమెరాలు 28 అడిగినా, గాలి మీద పడే బరువు వేరు. నేను కాగితం తీసుకుని ఒక సెకనులో గాలి ఎంతసేపు ఎవరి చేతిలో ఉంటుందో రాసుకున్నాను. రెండు నుంచి ఒకటికి మొత్తం 28 వెళ్ళాలి, లింకు 140 ఇస్తే సెకనులో ఐదో వంతు. మూడు నుంచి రెండుకు 24, అది ఇంకో ఆరో వంతు పైచిలుకు. పెద్ద చెరువు అవతల తొమ్మిది కెమెరాలు, 18 ఎంబీపీఎస్. ఆ లింకు 50 ఇస్తే సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఐదూ ఆరూ కలిపి పదో వంతు లోపు. మొత్తం సెకనులో ఎనభై శాతం. బొటాబొటీగా సరిపోతుంది. అదే పెద్ద చెరువు లింకు 20 మాత్రమే ఇస్తే? ఆ ఒక్కటే దాదాపు సెకను మొత్తం తినేస్తుంది, దగ్గరి కెమెరాలు కూడా ఆగిపోతాయి.

కాబట్టి 300ని చూసి మురవడం అనవసరం. ఆ ఒక్క 900 మీటర్ల లింకు ఎంత ఇస్తే ఊరు మొత్తానికి అంత.

దూరం సెట్టింగు దగ్గర మొదలుపెట్టాను. ఒక రేడియో ఫ్రేము పంపి, అందింది అన్న జవాబు కోసం కొద్ది మైక్రోసెకన్లు చూస్తుంది. రాకపోతే పోయిందనుకుని మళ్ళీ పంపుతుంది. కిలోమీటరు పోయి రావడానికి వెలుగుకే 6.7 మైక్రోసెకన్లు కావాలి. ఇంట్లో వాడటానికి కట్టిన లెక్కలో ఒక స్లాటే, అంటే ఒక్క విడత ఎదురుచూపే, 9. మా దగ్గర జవాబు వచ్చేది, కాకపోతే ఆలస్యంగా. ఈలోపు ఇవతలివాడు మళ్ళీ పంపేసేవాడు. రీట్రైలు చూస్తే ప్రతి రెండింటికీ ఒకటి. మూడు, నాలుగు నోడ్లలో దూరం 1000 మీటర్లు అని ఇచ్చాను. ఆ రెంటి మధ్య ఐదున్న లింకు పన్నెండైంది. ఒక్క లైను. మరీ ఎక్కువ ఇచ్చినా నష్టమే, ప్రతివాడూ అంతసేపు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. పదిహేను కిలోమీటర్లు అని పెట్టి చూశాను, దగ్గరి లింకులు కూడా మందగించాయి.

తర్వాత మూటలు. ఎన్‌లో వేగం పెరగడానికి అసలు కారణం వెడల్పు కంటే ఇదే అని నా అభిప్రాయం. ప్రతి చిన్న ఫ్రేముకీ విడిగా గాలి అడిగి, ముందుమాట చెప్పి, జవాబు తీసుకుంటే సగం టైము ఆ మర్యాదలకే పోతుంది. అందుకని చాలా ఫ్రేములు ఒకే మూటగా పంపుతారు. ఈ మూట కట్టడంలో రెండు పద్ధతులున్నాయి. ఏ-ఎంపీడీయూ అంటే, ఐస్ వేసిన రొయ్యల ట్రేలు వ్యానులో పేర్చి ఒక్కో ట్రేకీ విడిగా చీటీ అంటించినట్టు. ప్లాంటులో రెండు ట్రేలు పాడైనాయి అనిపిస్తే ఆ రెండే వెనక్కి, మిగతావి లోపలికి. గరిష్ఠంగా 64 ట్రేలు, మొత్తం 65,535 బైట్లు. ఏ-ఎంఎస్‌డీయూ అంటే అన్నీ ఒకే పెద్ద పెట్టెలో పోసి ఒకే చీటీ. దగ్గరి ప్రయాణానికి అది ఇంకా తేలిక, చీటీల బరువు తగ్గుతుంది. దారిలో ఒక్క మూల పాడైతే పెట్టె మొత్తం వెనక్కి. మా పెద్ద చెరువు మీద దారి బాగాలేదు కాబట్టి రెండో పద్ధతి ఆపి, మొదటిదే ఉంచాను. పన్నెండు పద్నాలుగైంది. గొప్పగా ఏమీ లేదు, కానీ కెమెరా బొమ్మ ముక్కలవడం తగ్గింది.

ఆర్‌టీఎస్ కూడా ఆన్ చేశాను. డాబా మీది ఒకటో నోడుకు నాలుగో నోడు వినపడదు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే మధ్యలో ఉన్నవాళ్ళకు రెండూ అర్థం కావు. మాట్లాడబోయే ముందు అనుమతి అడిగే ఏర్పాటు అది. దాని వల్ల సాయంత్రం పూట వచ్చే అవాంతరాలు కొంత సర్దుకున్నాయి.

వెడల్పు సంగతి ఇలా తెలిసింది. నాలుగో స్తంభం మీద నుంచి స్కాన్ చేస్తే 153లో ఇంకెవరిదో గట్టి సిగ్నలు. పక్క ఊళ్ళో మరో రైతు చెరువుల మీదుగా లింకు వేసుకున్నాడు. నా 149 ఖాళీగానే ఉంది, నేను కలుపుకున్న రెండో ముక్క మీద ఆయన కూర్చున్నాడు. పైగా వెడల్పు రెండింతలు చేస్తే లోపలికి వచ్చే చప్పుడు కూడా రెండింతలు, సిగ్నలు బలం కొలిచే లెక్కలో మూడు డీబీ (డెసిబెల్). బలమైన సిగ్నలుకు అది లెక్కలోది కాదు, నీరసంగా ఉన్నదానికి అదే ప్రాణం. నాలుగు, ఐదు, ఆరు నోడ్లను 20 వెడల్పుకు దించి, ఇంటివైపు మూడింటినీ 40లోనే ఉంచాను. ముందు భయపడ్డాను, వెడల్పు తేడా ఉంటే మెష్ విడిపోతుందేమో అని. ప్రధాన ఛానలు 149 అందరికీ ఒకటే కాబట్టి విడిపోలేదు. మూడో నోడు రెండోదానితో 40లో, నాలుగోదానితో 20లో మాట్లాడుతుంది, ఎవరితో ఎంత వెడల్పు అన్నది అదే చూసుకుంటుంది. వెడల్పు సగం చేస్తే పద్నాలుగున్నది పంతొమ్మిదైంది. మావయ్యకు ఇది అర్థం కాలేదు. "దారి సగం చేస్తే బళ్ళు ఎక్కువెలా పోతాయిరా?" అన్నాడు. మిగతా సగంలో పక్కూరాయన ట్రాక్టరు పెట్టాడు మావయ్యా అన్నాను.

పంతొమ్మిది. నాకు కావాల్సింది 50. అక్కడే నెల రోజులు ఆగిపోయాను.

సిగ్నలు చూస్తే మైనస్ 76, ఇందులో సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. అడ్డం ఏమీ లేదు. స్తంభం ఎక్కి చూస్తే అవతలి ఏంటెన్నా కంటికి కనపడుతుంది. కనపడితే చాలదు, గీత చుట్టూ కూడా ఖాళీ ఉండాలి. 900 మీటర్లకు ఈ బ్యాండులో మధ్యలో గీత చుట్టూ మూడున్నర మీటర్ల వ్యాసార్ధం లెక్క, అందులో అరవై శాతం, అంటే రెండు మీటర్లు ఖాళీ ఉన్నా సరిపోతుంది. ఒక కొబ్బరిచెట్టు కొంచెం వంగి ఉంది. తడిసిన మట్టలు 5 గిగాహెర్ట్జ్‌ను తాగేస్తాయి. ఆ చెట్టు పక్క రైతుది. రెండు మట్టలు కొట్టించమని అడగడానికి మావయ్య వెళ్ళి, గట్టు తగాదా ఒకటి పాతది గుర్తు చేసుకుని, కొట్టించకుండానే వచ్చాడు. తర్వాత అత్తయ్య వెళ్ళి రెండు నిమిషాల్లో ఒప్పించింది. మట్టలు కొట్టాక ఒక డీబీ మెరుగైంది. అంతే.

నా అనుమానం గార్డ్ ఇంటర్వెల్ మీదికి పోయింది. నీళ్ళ మీద సిగ్నలు తిరిగి కొడుతుంది కదా, ఆ ప్రతిధ్వని ముందు అక్షరం మీద పడి పాడుచేస్తోందేమో, చిన్నది తీసేసి పెద్దది పెడదాం అని. చిన్నది 400 నానోసెకన్లు, పెద్దది 800. చిన్నదాని వల్ల వచ్చే లాభం ఎలాగూ పదకొండు శాతమే, 65 కాస్తా 72.2 అవుతుంది. తీసేశాను. ఏమీ మారలేదు. అప్పుడైనా ముందు లెక్క వేసుకుని ఉండాల్సింది. 400 నానోసెకన్లలో రేడియో తరంగం 120 మీటర్లు పోతుంది. నేరుగా వచ్చేదానికీ నీళ్ళ మీద తగిలి వచ్చేదానికీ దారి తేడా, రెండు స్తంభాల ఎత్తులు గుణించి, రెండింతలు చేసి, దూరంతో భాగిస్తే వస్తుంది. నాకు వచ్చింది 26 సెంటీమీటర్లు. ఒక్క నానోసెకను కూడా లేదు. ఆ ప్రతిధ్వనికి గార్డ్ ఇంటర్వెల్‌తో పనే లేదు. 26 అన్న ఆ అంకెను కాగితం మీద రాసుకుని, దాన్నే చూస్తూ కూడా నాకు తట్టలేదు.

తట్టించింది పట్టుబడి. ఫిబ్రవరి చివర్లో పెద్ద చెరువు పట్టారు. రాత్రి తూము ఎత్తి నీళ్ళు తీయడం మొదలెట్టారు, తెల్లవారుజామున వలలు దించుతారు. నేను ఆ రాత్రి షెడ్డు దగ్గరే ఉన్నాను, టీ తాగుతూ లాప్‌టాప్ తెరిచి ఊరికే చూస్తున్నాను. పదకొండింటికి మైనస్ 75. ఒంటిగంటకు 71. రెండున్నరకు 66. స్తంభం ఎవరూ ముట్టుకోలేదు, సెట్టింగు మార్చలేదు. నీళ్ళు రెండు అడుగులు దిగాయి.

కాగితం మళ్ళీ తీశాను. 149 దగ్గర తరంగం పొడవు 5.2 సెంటీమీటర్లు. 26ని 5.2తో భాగిస్తే సరిగ్గా ఐదు. నీళ్ళ మీద తగిలిన తరంగం తలకిందులై లేస్తుంది. దారి తేడా పూర్తి తరంగాల లెక్కలో ఉంటే, నేరుగా వచ్చినదీ తలకిందులైనదీ ఎదురెదురై ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఐదున్నర తరంగాలైతే రెండూ చేతులు కలుపుతాయి. నా స్తంభాలు నీళ్ళ మీదికి 12 మీటర్లు, 9.8 మీటర్లు. చెరువు నిండుగా ఉన్నప్పుడు సరిగ్గా ఐదు. అంత కచ్చితంగా చెడ్డ ఎత్తు కావాలని వెతికినా దొరకదు. నీళ్ళు రెండు అడుగులు దిగగానే రెండు ఎత్తులూ పెరిగి తేడా ఐదున్నర దాటింది, సిగ్నలు తొమ్మిది డీబీ లేచింది. రెండు ఏంటెన్నాల సిగ్నళ్ళు విడివిడిగా చూసినప్పుడు అడ్డంగా ఉన్నది నిలువుదాని కంటే బాగా పడిపోయి ఉండేది. నీళ్ళు అడ్డపు తరంగాన్నే గట్టిగా తిప్పికొడతాయి. ఒక ఏంటెన్నా పాడైందేమో అని నేను దాన్ని రెండుసార్లు మార్చాను కూడా.

వలల దగ్గర కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) గురించి గొడవ నడుస్తోంది, వ్యాపారి 50 అంటాడు, మావయ్య 45 అంటాడు. నేను వెళ్ళి "మావయ్యా, నాలుగో స్తంభం మీద పెట్టె మీటరు కిందికి దించాలి" అన్నాను. నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మీటరు దించితే నిండు చెరువు మీద తేడా నాలుగున్నర తరంగాలు. రెండు పెట్టెలనూ ఇంకా బాగా కిందికి దించేస్తే నీళ్ళు పెరిగినా తగ్గినా తేడాలో వచ్చే మార్పు తగ్గుతుంది, లెక్క అదే చెబుతుంది. కానీ అంత కింద షెడ్లూ కొబ్బరిచెట్లూ అడ్డం. మీటరుతోనే సరిపెట్టుకున్నాను. దీనికో మెలిక ఉంది. ఈ కొత్త ఎత్తులో నీళ్ళు రెండు అడుగులు తీస్తే తేడా మళ్ళీ ఐదుకు వస్తుంది, అంటే పట్టుబడి రాత్రి లింకు పడిపోతుంది. మావయ్యకు ముందే చెప్పాను. "ఆ రాత్రి గట్టు మీద ఊరంతా ఉంటుంది, కెమెరా ఎవడికి కావాలి" అన్నాడు.

పంటకు మళ్ళీ నీళ్ళు నింపాక చూస్తే మైనస్ 66. మూడుకీ నాలుగుకీ మధ్య 48. అక్కడి నుంచి డాబాకు మూడు గెంతుల్లో 27. 14 కెమెరాలూ పెట్టి రాత్రంతా నడిపాను, తెల్లారేదాకా ఒక్కటీ ఆగలేదు. సిగ్నలు బాగుంది కదా అని అవతల 40 వెడల్పు మళ్ళీ పెట్టి చూశాను. పగలు 70 దాటింది, రాత్రి పక్కూరాయన లింకు బిజీ అయ్యేసరికి ముప్ఫైకి పడింది, మళ్ళీ లేచింది. మూడింటికి చూసేవాడికి పగటి డెబ్భైతో పనేముంది, 20కే వెనక్కి తెచ్చాను. చిన్న గార్డ్ ఇంటర్వెల్ మాత్రం తిరిగి పెట్టాను, దాని తప్పు లేదని తేలింది కాబట్టి.

ఏప్రిల్లో ఒక సంగతి. డెల్టాలో కాలువలు కట్టేశారు. నేను షాపులో కూర్చుని వారానికోసారి అన్ని లింకులూ చూస్తాను. పెద్ద చెరువు లింకు పది రోజులుగా కొంచెం కొంచెంగా జారుతోంది. 66, 67, 68, 69. మిగతావి కదల్లేదు. కాగితం మీద లెక్క చూసుకుని ఫోన్ చేశాను.

"మావయ్యా, పెద్ద చెరువులో నీళ్ళు అడుగు తగ్గాయా?"

"ఎవడు చెప్పాడు నీకు?"

"చూసి చెప్పు."

అరగంటకు తిరిగి చేశాడు. కర్ర పెట్టి కొలిచాడట, పదకొండు అంగుళాలు. ఎండకి ఇంకుతున్నాయని కాపలా అబ్బాయి చెబుతుంటే నమ్మాడట. తూము పలకల సందులోంచి మురుగు కాలువలోకి పోతున్నాయి. మట్టి కొట్టించాక మూడు రోజులు 69 దగ్గరే నిలబడింది. బోరు వేసి నింపుతున్నారు, ఇవాళ పొద్దున్న చూస్తే 67.